మైగ్రేన్: నేరం ముక్కుదేనా?

"నాకు సైనసుందండీ."

ఈ మాట మీరు ఎన్నిసార్లు విని ఉంటారు? బస్సులో పక్క సీటాయన అంటాడు. చలికాలం పొద్దున్నే చెవులకు మఫ్లరు చుట్టుకుని క్లాసుకు వచ్చే లెక్కల మాస్టారు అంటారు. ఇంట్లో అత్తయ్యో, బాబాయో అంటారు. తల పగిలిపోతోందంటే చాలు, "సైనసేమో చూపించుకో" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు.

నిజానికి సైనస్ అనేది జబ్బు పేరు కాదు. ముక్కు చుట్టూ ఉన్న ఎముకల్లోని గాలి గదుల పేరు. నుదుట్లో, బుగ్గల్లో, రెండు కళ్ళ నడుమ, ముక్కు వెనకాల లోతున – మొత్తం నాలుగు జతలు. ఇవి మీకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. "నాకు సైనసుంది" అనడం "నాకు మోకాలుంది" అనడం లాంటిదే. ఆ గదుల లోపలి పొర వాస్తే వచ్చేది సైనసైటిస్. అది జబ్బు. అయితే మన వాడుకలో గది పేరే జబ్బు పేరైపోయింది. పేరు దొరకగానే కారణం కూడా దొరికిందని అనుకుంటాం. ఈ వ్యాసంలో పరీక్షించబోయేది ఆ నమ్మకాన్నే.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక పత్రిక కోసం ఇంగ్లీషు నుంచి ఓ చిన్న వైద్య వార్తను అనువదించాను. ముక్కు లోపలి వంకరలు సరిచేయించుకున్న కొందరికి తలనొప్పి తగ్గిందనీ, ముక్కు నిర్మాణానికీ మైగ్రేన్‌కూ సంబంధం ఉండవచ్చుననీ మూలంలో ఉంది. "సంబంధం ఉండవచ్చు" అన్నది నా చేతిలో "కారణమని తేలింది" అయింది. పైన శీర్షిక కూడా నేనే పెట్టాను: "ముక్కు సరిచేస్తే మైగ్రేన్ మాయం!"

రెండు వారాలకు ఒక ఉత్తరం వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి రాసింది. వాళ్ళమ్మకు నెలకు మూడు నాలుగుసార్లు తలనొప్పి వస్తుంది. వచ్చిన రోజు తలుపులు మూసుకుని చీకట్లో పడుకుంటుంది, వాంతులవుతాయి. డాక్టరు స్కాన్ తీయించి, ముక్కు దూలం వంకరగా ఉంది, ఆపరేషను చేయించమన్నారు. "మీ వ్యాసం చదివాక మాకు ధైర్యం వచ్చింది. డబ్బుకు అమ్మ గొలుసు తాకట్టు పెట్టాలి. చేయించమంటారా?" అని అడిగింది.

ఏమని జవాబు రాయాలి? నేను డాక్టరును కాను. కానీ ఆ ధైర్యం ఇచ్చింది నా శీర్షిక. అందుకే ఆ వార్త వెనక ఎంత సాక్ష్యముందో అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. మొదట రాసేటప్పుడే చేయాల్సిన పని అది. అలా వెతికితే తెలిసినవి మీ ముందు పెడుతున్నాను.

ఊహ అసంబద్ధమైనదేమీ కాదు

ముక్కు లోపలికి ఒకసారి తొంగిచూద్దాం. రెండు రంధ్రాల మధ్య నిలువుగా ఒక అడ్డుగోడ ఉంటుంది. ముందు భాగం మృదులాస్థి, వెనక భాగం ఎముక. ఇది పక్కకు వంగితే జనం "దూలం వంకర" అంటారు. పక్క గోడల నుంచి చుట్టలు చుట్టుకున్న ఆకుల్లా ఎముకలు ముందుకు పొడుచుకొని ఉంటాయి. వీటిని టర్బినేట్లంటారు. మనం పీల్చే గాలిని వెచ్చబరచడం, తడి చేయడం వీటి పని. వీటి మీది పొర ఉబ్బితే "ముక్కులో కండ పెరిగింది" అంటారు. గోడ బాగా వంగి టర్బినేటును తాకితే, ఆ తాకిన చోటును స్పర్శబిందువు అంటారు. మన కథలో ముఖ్యపాత్ర ఇదే.

ముఖానికీ, ముక్కు లోపలికీ, పళ్ళకూ, కళ్ళకూ స్పర్శనూ నొప్పినీ మోసేది ఐదో కపాల నాడి. మూడు శాఖలుంటాయి కనుక దానికి ట్రైజెమినల్ నాడి అని పేరు. మెదడును కప్పి ఉంచే పొరల్లోని నొప్పిని మోసేది కూడా ప్రధానంగా ఇదే. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు, ఆ పొరలకూ వాటిలోని రక్తనాళాలకూ తెలుస్తుంది. ముక్కు నుంచి వచ్చే తంతులూ, మెదడు పొరల నుంచి వచ్చే తంతులూ మెదడు కాండంలో ఒకే కేంద్రానికి చేరుతాయి. అలాంటప్పుడు ఒకచోట పుట్టిన నొప్పి మరోచోట పుట్టినట్టు అనిపించడం వింత కాదు. గుండెపోటు వచ్చినవాళ్ళకు ఎడమ చేయి లాగడం మీరు విన్నదే కదా!

కాబట్టి ముక్కులో రెండు పొరలు ఒరుసుకుంటే నుదుట్లో నొప్పి పుట్టవచ్చునన్న ఊహ శరీర నిర్మాణం దృష్ట్యా సాధ్యమే. సాధ్యం కావడం వేరు, జరగడం వేరు. ఈ తేడాను మరిచిపోయినప్పుడు ఏమవుతుందో చరిత్ర చెబుతుంది.

ముక్కు మీద పాత అనుమానం

ముక్కుకూ తలకూ లంకె వేయడం చాలా పాతది. ఆయుర్వేదం ముక్కును తలకు వాకిలిగా భావించింది. సగం తలను పట్టే నొప్పిని అర్ధావభేదకం అంది. ముక్కులో మందు చుక్కలు వేసే నస్యకర్మను తలకు సంబంధించిన రోగాలకు చెప్పింది. మన ఇళ్ళలో నుదుట శొంఠి పట్టు వేయడం, పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చడం, ఆవిరి పట్టడం ఇప్పటికీ చూస్తున్నాం.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫ్లీస్ అనే ముక్కు వైద్యుడు ఇంకా చాలా దూరం వెళ్ళారు. శరీరంలోని ఎన్నో బాధలకు మూలం ముక్కులోనే ఉందన్నారు. మనోవిశ్లేషణ పితామహుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ ఆయనకు ఆప్తమిత్రుడు. ఫ్రాయిడ్‌కు మైగ్రేన్ ఉండేది, ఆయన ముక్కుకు కూడా ఫ్లీస్ చికిత్స చేశారు. 1895లో ఫ్రాయిడ్ దగ్గరకు వచ్చే ఎమ్మా ఎక్‌స్టైన్ అనే యువతికి ఫ్లీస్ ముక్కు ఆపరేషను చేశారు. ఆమెకున్న బాధలకూ ముక్కుకూ ఏ సంబంధమూ రుజువు కాలేదు. పైగా అర మీటరు పొడవున్న గుడ్డపీలిక లోపలే ఉండిపోయింది. మరో డాక్టరు దాన్ని బయటికి తీసినప్పుడు రక్తం ధారకట్టి ఆమె ప్రాణం మీదికొచ్చింది. బతికింది గానీ ముఖం మీద ఆ గుర్తు మిగిలిపోయింది.

తర్వాతి వాళ్ళు ఇంత దుడుకుగా లేరు. 1908లో అమెరికాలో గ్రీన్‌ఫీల్డ్ స్లూడర్, ముక్కు వెనక ఉండే ఒక నాడీ ముడి నుంచి ముఖం నొప్పి పుడుతుందని వర్ణించారు. 1943లో న్యూయార్కులో హెరాల్డ్ ఉల్ఫ్, ఆయన సహచరులు మనుషుల ముక్కు లోపలి భాగాలను సలాకతో తాకి, స్వల్పంగా విద్యుత్తు ప్రవహింపజేసి, నొప్పి ఎక్కడ తెలుస్తోందో ముఖం బొమ్మల మీద గుర్తించారు. ముక్కులో ఒకచోట ముట్టుకుంటే ముఖంలో మరోచోట నొప్పి తెలిసిందని రాశారు. ఆ బొమ్మలు దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో తిరిగాయి. 1988లో స్టామ్‌బెర్గర్, వోల్ఫ్ అనే ఇద్దరు వైద్యులు ఎండోస్కోపుతో చూసిన అనుభవంతో, పొరలు ఒరుసుకున్న చోట 'సబ్‌స్టెన్స్ పి' అనే నొప్పి రసాయనం విడుదలవుతుందని ప్రతిపాదించారు.

ఊహ ఉంది, బొమ్మ ఉంది, రసాయనం పేరు కూడా ఉంది. ఇక కావలసింది పరీక్ష.

మొదటి పరీక్ష: లేనివాళ్ళ సంగతేమిటి?

ఒక లెక్క వేద్దాం. ఇది కేవలం ఉదాహరణ. మీ కాలేజీలో 1000 మంది ఉన్నారనుకోండి. వాళ్ళలో 800 మందికి దూలం ఎంతో కొంత వంకర. మొత్తం మీద 200 మందికి మైగ్రేన్. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదనే అనుకుందాం. అప్పుడు మైగ్రేన్ ఉన్న 200 మందిలో దూలం వంకర ఎందరికి ఉంటుంది? 80 శాతం, అంటే 160 మందికి. ఇప్పుడు ఒక డాక్టరు గదిలో కూర్చుని ఆ 200 మందినే చూస్తే ఆయనకేమనిపిస్తుంది? "నా దగ్గరికొచ్చిన తలనొప్పి రోగుల్లో అయిదుగురిలో నలుగురికి దూలం వంకరే!" అనిపిస్తుంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. తలనొప్పి లేని 800 మంది ఆయన గదికి రాలేదు, అంతే. వాళ్ళలో 640 మందికి దూలం వంకరగానే ఉంది.

800 అన్న సంఖ్యను మరీ గాలిలోంచి తీయలేదు. 1978లో గ్రే అనే పరిశోధకుడు రెండు వేలకు పైగా పెద్దవాళ్ళ పుర్రెలను పరిశీలిస్తే, దూలం సూటిగా ఉన్నవి సుమారు అయిదింట ఒక వంతు మాత్రమే. వంకరే మామూలు, సూటిగా ఉండడమే అరుదు!

కాబట్టి అడగాల్సిన ప్రశ్న "తలనొప్పి ఉన్నవాళ్ళలో ఎందరికి వంకర ఉంది?" అని కాదు. "తలనొప్పి ఉన్నవాళ్ళలో ఎంత, లేనివాళ్ళలో ఎంత?" అని. ఇంగ్లండులో అబూ-బక్రా, జోన్స్ అనే ఇద్దరు ఈ పనే చేశారు. ముక్కు వైద్యశాలకు వరసగా వచ్చిన 973 మందిని ఎండోస్కోపుతో చూసి, 2001లో ఫలితాలు ప్రకటించారు. ముఖం నొప్పి ఉన్నవాళ్ళలో స్పర్శబిందువులు 4 శాతం మందికి ఉన్నాయి. నొప్పి లేనివాళ్ళలో? అక్కడా 4 శాతమే. ఇంకో చిత్రం కూడా బయటపడింది. ఒక పక్కే నొప్పి ఉండి, స్పర్శబిందువు కూడా ఉన్నవాళ్ళలో సగం మందికి ఆ బిందువు నొప్పి లేని పక్కన ఉంది. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది.

రెండో పరీక్ష: మళ్ళీ చేస్తే వస్తుందా?

విజ్ఞానశాస్త్రంలో ఒక ప్రయోగానికి విలువ అది ఎంత ప్రసిద్ధమన్న దాన్ని బట్టి రాదు. ఇంకొకరు చేసినా అదే ఫలితం రావాలి. ఉల్ఫ్ బొమ్మల విషయంలో ఈ పని చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. అదే 2001లో పైన చెప్పిన ఇద్దరూ ఆరోగ్యవంతులైన కొద్దిమంది స్వచ్ఛంద సేవకుల ముక్కు పొరలను ప్రేరేపించి చూశారు. ముఖానికి పాకే నొప్పి వాళ్ళకు కనిపించలేదు.

ఇక్కడ తొందరపడకూడదు. మైగ్రేన్ ఉన్నవాళ్ళ నాడులు మామూలు వాళ్ళ నాడుల కన్నా సున్నితం. ఆరోగ్యవంతులకు తెలియనిది వాళ్ళకు తెలియవచ్చు. కాబట్టి ఈ ఒక్క ప్రయోగంతో ముక్కు నిర్దోషి అని తీర్పు చెప్పలేం. పాఠ్యపుస్తకంలోని బొమ్మను ఇక తిరుగులేని సాక్ష్యంగా చూపలేమని మాత్రం చెప్పగలం.

మూడో పరీక్ష: బాణం ఎటు చూపుతోంది?

ఇంతవరకు "ముక్కు వల్ల తలనొప్పి" అన్న దిశలోనే ఆలోచించాం. బాణాన్ని తిప్పి చూద్దాం. "తలనొప్పి వల్ల ముక్కు" కావచ్చా?

మైగ్రేన్ వచ్చినప్పుడు ట్రైజెమినల్ నాడి చివరల నుంచి సి.జి.ఆర్.పి. అనే పెప్టైడు విడుదలవుతుంది. మైగ్రేన్ నొప్పి సమయంలో మెడ సిర నుంచి తీసిన రక్తంలో దీని మోతాదు పెరిగి ఉంటుందని 1990లో గోడ్స్‌బీ, ఎడ్విన్సన్ చూపారు. 2018లో ఈ పెప్టైడు దారిని అడ్డుకునే ఇంజెక్షన్లు వాడకంలోకి వచ్చాయి. ఈ పరిశోధనా మార్గానికి 2021లో మరో ఇద్దరితో కలిపి ఆ శాస్త్రజ్ఞులకు బ్రెయిన్ ప్రైజు దక్కింది. నొప్పి కేంద్రం రెచ్చిపోయినప్పుడు దాని పక్కనే ఉన్న మరో కేంద్రానికి కూడా కబురు వెళుతుంది. అక్కడి నుంచి, స్లూడర్ చెప్పిన ఆ నాడీ ముడి మీదుగా, ముక్కుకూ కళ్ళకూ ఆజ్ఞలు వస్తాయి. ముక్కు పొరలోని రక్తనాళాలు ఉబ్బుతాయి, ముక్కు బిగుస్తుంది, నీళ్ళు కారుతుంది, కన్ను చెమ్మగిల్లుతుంది.

చూశారా! ముక్కు దిబ్బడ వేసింది, తలనొప్పి వచ్చింది. రోగి ఏమనుకుంటాడు? ముక్కు వల్లే తల అనుకుంటాడు. జరిగింది మాత్రం ఒకే చోట పుట్టిన అలజడి రెండు చోట్ల కనబడడం.

అమెరికాలో "నాకు సైనస్ తలనొప్పి" అని తామే చెప్పుకున్న, లేదా డాక్టర్లు అలా చెప్పిన 2991 మందిని పరీక్షించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ళలో 88 శాతం మంది నొప్పి మైగ్రేన్ తరహా లక్షణాలకు సరిపోయింది. అదే మనుషుల్లో 63 శాతం మందికి ముక్కు దిబ్బడ కూడా ఉంది.

ఈ 88 శాతాన్ని పట్టుకుని "సైనస్ తలనొప్పి అనేదే లేదు" అని రాసినవాళ్ళున్నారు. నా శీర్షిక ఎంత తప్పో అదీ అంతే తప్పు. ఈ అధ్యయనంలో చీము, జ్వరం వంటి ఇన్‌ఫెక్షను గుర్తులున్నవాళ్ళను ముందే తీసేశారు. నిజమైన సైనసైటిస్ రోగులను పక్కన పెట్టాక మిగిలినవాళ్ళలో మైగ్రేన్ ఎక్కువగా కనబడడంలో ఆశ్చర్యమేముంది? పైగా ఈ అధ్యయనం వెనక మైగ్రేన్ మందులు తయారుచేసే కంపెనీ ఉంది. అంతమాత్రాన ఫలితం అబద్ధమైపోదు. కానీ చదివేవాడు ఆ సంగతి తెలుసుకుని చదవాలి. ముక్కు పక్షాన్ని ఏ కొలబద్దతో కొలిచామో, మైగ్రేన్ పక్షాన్నీ దానితోనే కొలవాలి.

నాలుగో పరీక్ష: ఆపరేషను చేస్తే తగ్గింది కదా?

అన్నిటికన్నా బలంగా కనిపించే వాదన ఇది. "మా పిన్నికి ఆపరేషనయ్యాక తలనొప్పి రాలేదు" అని మీరు అంటే నేను కాదనలేను. స్పర్శబిందువులను తొలగించిన 20 మందిని పదేళ్ళ పాటు గమనించి 2003లో ఒక వైద్యబృందం నివేదిక ఇచ్చింది. దాదాపు మూడింట రెండు వంతుల మందికి నొప్పి పోవడమో, బాగా తగ్గడమో జరిగింది. పదేళ్ళు ఓపిగ్గా వెంటపడడం మెచ్చుకోదగ్గ పనే. అయితే పోలిక కోసం ఆపరేషను చేయని బృందం అందులో లేదు.

పోలిక ఎందుకంత ముఖ్యం? మైగ్రేన్‌కు ఆటుపోట్లుంటాయి. కొన్ని నెలలు ఎక్కువ, కొన్ని నెలలు తక్కువ. మనిషి ఆపరేషనుకు ఎప్పుడు సిద్ధపడతాడు? బాధ తారస్థాయిలో ఉన్నప్పుడు. అక్కడి నుంచి ఏమీ చేయకపోయినా కొంత తగ్గడం సహజం. దానికి తోడు డాక్టరు మీది నమ్మకం, ఖర్చుపెట్టిన డబ్బు, ఇంటిల్లిపాదీ చూపే శ్రద్ధ, నొప్పి తగ్గి తీరాలన్న ఆశ. ఇవన్నీ నొప్పిని నిజంగానే తగ్గిస్తాయి.

ఎంత తగ్గిస్తాయో తెలుసా? 2009లో అమెరికా ప్లాస్టిక్ సర్జను బామన్ గుయురాన్ బృందం 75 మంది మైగ్రేన్ రోగులతో ఒక ప్రయోగం చేసింది. నుదురు, కణత, మెడ వెనక భాగాల్లో నాడుల మీద ఒత్తిడి తీసేసే ఆపరేషను అది. 49 మందికి అసలు ఆపరేషను చేశారు. 26 మందికి కోత పెట్టి, లోపల ఏమీ చేయకుండా కుట్టేశారు. ఉత్తుత్తి ఆపరేషను అన్నమాట. అసలు ఆపరేషను జరిగిన వాళ్ళలో సుమారు 84 శాతం మందికి తలనొప్పి సగానికి సగం తగ్గింది. ఉత్తుత్తి ఆపరేషను జరిగిన వాళ్ళలో? 58 శాతం మందికి! అంటే పోలిక లేకుండా "వందలో యాభై ఎనిమిది మందికి నొప్పి సగం తగ్గింది" అని ఎవరైనా పత్రికలో వేస్తే, అది ఏమీ చేయని ఆపరేషను ఫలితం కూడా కావచ్చు.

నొప్పి పూర్తిగా పోయినవాళ్ళ సంఖ్యలో తేడా పెద్దదే: 57 శాతం, 4 శాతం. కాబట్టి ఆ ఆపరేషను వట్టిదని కూడా అనలేం. కానీ మన ప్రశ్నకు వద్దాం. ఈ బృందమే అంతకుముందు, 2005 నాటి ప్రయోగంలో, ముక్కును కూడా చికిత్స చేసే చోట్లలో చేర్చింది. 2009 ఉత్తుత్తి ఆపరేషను పరీక్షకు వచ్చేసరికి ముక్కు అందులో లేదు. అసలైన పరీక్ష జరిగిన రోజున మన ముద్దాయి కోర్టుకే రాలేదు.

మరి ముక్కుకు మత్తుమందు పెడితే నొప్పి పోతే, అది రుజువు కాదా? స్పర్శబిందువు తలనొప్పిని గుర్తించడానికి 2004లో అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ తన అనుబంధంలో చెప్పిన పరీక్షల్లో ఇదొకటి. మధ్య టర్బినేటుకు మత్తుమందు పూస్తే 5 నిమిషాల్లో నొప్పి పోవాలి, అదీ ఉత్తుత్తి మందుతో పోల్చి చూడాలని షరతు. చాలాచోట్ల ఈ షరతును వదిలేస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. 1996లో మామూలు మైగ్రేన్ రోగుల ముక్కులో లిడోకైన్ చుక్కలు వేస్తే 55 శాతం మందికి, ఉత్తుత్తి చుక్కలు వేస్తే 21 శాతం మందికి కాసేపట్లో నొప్పి సగమైనా తగ్గింది. చాలామందికి మళ్ళీ తిరగబెట్టింది. ముక్కు వెనకే ఆ నాడీ ముడి ఉంది కదా. దాన్ని మొద్దుబారిస్తే నొప్పి తగ్గవచ్చు. ఇంటికి వచ్చే తీగను మధ్యలో తెంపితే దీపం ఆరుతుంది, అంతమాత్రాన కరెంటు పుట్టింది ఆ తీగలోనే అనం.

తీర్పు కాదు, లెక్క

ఇంతకూ తేలిందేమిటి? 2013లో ఈ విషయం మీది పరిశోధనలన్నీ వరుసగా పరిశీలించిన హారిసన్, జోన్స్, స్పర్శబిందువులున్న వారిలో ఎక్కువమందికి ముఖం నొప్పే ఉండదనీ, బిందువే నొప్పికి కారణమనే వాదనకు తగిన ఆధారం లేదనీ తేల్చారు. వర్గీకరణలో కూడా అది ఇంకా అనుబంధంలోనే ఉంది. అనుబంధమంటే, ఇంకా రుజువు కావాల్సిన వాటిని ఉంచే చోటు.

ముక్కు పక్షాన చెప్పాల్సినవి కూడా చెప్పాలి. చీము చీమిడి, జ్వరం, వాసన తెలియకపోవడం, వీటితో వచ్చే సైనసైటిస్ తలనొప్పి నిజమైనదే, దానికి చికిత్స కావాలి. దూలం వంకర వల్ల ఊపిరి ఆడకపోతే ఆపరేషను సబబైన చికిత్స. ముక్కు బాధ మైగ్రేన్ ఉన్న మనిషిలో నొప్పిని ఎగదోయవచ్చు. నిద్రలేమి, ఎండ, ఆకలి, ఘాటు వాసనలు ఎగదోసినట్టే. ఎగదోయడం వేరు, పుట్టించడం వేరు. సరిగ్గా ఎంపిక చేసిన కొద్దిమందికి ముక్కు ఆపరేషను మేలు చేయవచ్చు కూడా. ఆ కొద్దిమంది ఎవరో ముందే గుర్తుపట్టే నమ్మకమైన పద్ధతి మాత్రం ఇప్పటికి మన చేతిలో లేదు.

ఇది మన దేశంలో చిన్న విషయం కాదు. కర్ణాటకలో బెంగుళూరు నగరం, పరిసర పల్లెల్లో 2329 మంది పెద్దవాళ్ళను ఇంటింటికీ తిరిగి అడిగిన సర్వేలో, ఏడాదిలో ఒక్కసారైనా మైగ్రేన్ వచ్చినవాళ్ళు 25 శాతం మందని తేలింది. నలుగురిలో ఒకరు! వీళ్ళలో కొందరు "సైనస్" అన్న పేరు మీద ఏళ్ళ తరబడి యాంటీబయాటిక్కులు మింగితే, సూక్ష్మజీవులు మందులకు మొండికేస్తాయి, తలనొప్పి తలనొప్పిగానే ఉంటుంది. నెలలో 15 రోజులకు తగ్గకుండా మామూలు నొప్పి మాత్రలు నెలల తరబడి వేసుకుంటే, ఆ మాత్రలే కొత్త తలనొప్పిని తెచ్చిపెడతాయి.

మరి మీరేం చేయగలరు? తలనొప్పి వచ్చిన రోజు ఒక నోటుబుక్కులో నాలుగు సంగతులు రాయండి: ఎన్ని గంటలు ఉంది, ఏ పక్క, నడిస్తే మెట్లెక్కితే పెరిగిందా, వికారం గానీ వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం గానీ ఉందా. పెద్దవాళ్ళలో మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలు ఉండే, ఒక పక్క తపతపలాడే, కదిలితే పెరిగే, వాంతులతోనో వెలుతురు భయంతోనో వచ్చే నొప్పి మైగ్రేన్ కావచ్చు. ముక్కు కారుతున్నా సరే. ఆ పుస్తకాన్ని డాక్టరుకు చూపండి. ఒక్క మాట: హఠాత్తుగా ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగిసినా, చూపు పోయినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, తలకు దెబ్బ తగిలాక వచ్చినా నోటుబుక్కు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఆపరేషను మాట వస్తే డాక్టరును మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి: "ఇది ఊపిరి కోసమా, తలనొప్పి కోసమా? తలనొప్పి కోసమైతే, మైగ్రేన్ కాదని ఎలా తేల్చారు? మందులతో ముందు ప్రయత్నించి చూడవచ్చా?" మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోప్పడరు.

ఆ అమ్మాయికి కూడా నేను ఇదే రాశాను. ఇంకో రెండు వాక్యాలు చేర్చాను: "నా శీర్షిక తప్పు. మూలంలో 'కావచ్చు' అని ఉంటే నేను తీసేశాను." మూడు నెలలకు మరో ఉత్తరం వచ్చింది. అమ్మ తలనొప్పులన్నీ తనే తేదీలవారీగా నోటుబుక్కులో రాసిందట. నొప్పి కొన్నిసార్లు కుడివైపు, కొన్నిసార్లు ఎడమవైపు. దూలం వంగింది మాత్రం ఎడమకే. జిల్లా ఆస్పత్రిలో ఆ పుస్తకం చూసిన డాక్టరు మైగ్రేన్ అని చెప్పి, నొప్పి రాకుండా రోజూ వేసుకునే మాత్రలు రాసిచ్చారట. గొలుసు ఇంట్లోనే ఉందట.

మాత్రలతో తగ్గిందా అని మీరు అడుగుతారు. ముందటి నెల నాలుగుసార్లు వస్తే, ఈ నెల రెండుసార్లే వచ్చిందని రాసింది. ఆ కిందే మరో వాక్యం: "కానీ ఒక్క నెల చూసి చెప్పలేం కదండీ, ఇంకా రాస్తున్నాను."